దేవునర్ర కాడి కుక్కపిల్ల

సరళాదేవి భర్త గోపాల్‌రావు పెద్దపల్లి బడిలో తెలుగు పండితుడు. సాయంకాలం అరుగు మీద కూర్చుని ఆయన పద్యం ఎత్తుకుంటే స్టేషనుకు పోయే జట్కాలు సైతం ఆ ఇంటి ముందు జోరు తగ్గించేవి. అటువంటి కంఠం ఒకనాటి ఉదయం, సంధ్యావందనానికి నీళ్లు తోడుకుంటూ ఆయన బావిగట్టు మీద కూలిపోయిన క్షణంలో ఆగిపోయింది. కుడిచేయి, కుడికాలు చచ్చుబడ్డాయి. వాటితోపాటు వాక్కూ పోయింది. వెయ్యిన్ని తొమ్మిది వందల డెబ్బై అయిదు ప్రాంతపు మాట ఇది.

కరీంనగర్ డాక్టరు దాచకుండా చెప్పాడు. "కాలు, చెయ్యి సంగతి నేను చెప్పలేనమ్మా. మాట మాత్రం కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. ఆయనకు మాట్లాడాలన్న కోరిక పుట్టాలె. అది మందుతోని పుట్టదు."

ఆ కోరికను పుట్టించడమే నాటి నుండి సరళాదేవికి నిత్యవ్రతమైంది. చెంబు చూపి చెంబు అనేది; దీపం చూపి దీపం అనేది. ఆయన ఆమె పెదవులను చూసేవాడు, తన పెదవులను కదిపేవాడు, మూలుగు తప్ప మరేదీ వెలువడకపోతే కళ్లు మూసుకునేవాడు. ఒకసారి ఆయనకు ప్రాణమైన పద్యాన్ని చదివి వినిపించింది. ఆయన ఎడమచేత్తో చెవి మూసుకున్నాడు. ఆ తరువాత ఆ ఇంట్లో పద్యం వినబడలేదు. వేములవాడ పోయి రాజన్నకు కోడెను కట్టి మొక్కు చెల్లించి వచ్చారు. స్వామి ఏ రూపాన కరుణిస్తాడో తెలియదు గనుక ఆమె ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఆ ఇంట మూడవ మనిషి అత్తగారు రుక్మాబాయి. దేశ్‌పాండ్యాల ఇంటి పెద్ద కోడలిగా వచ్చి, వైధవ్యం పొందిన నాటి నుండి మడిని ప్రాణంకన్న మిన్నగా కాపాడుకున్న మనిషి. ఆమెకు కొడుకు కాలుచేతుల గురించిన చింత ఒకటైతే, అంతకు మించిన చింత మరొకటి. ఏటా మార్గశిరంలో భర్త చొక్కారావు ఆబ్దికం వస్తుంది. కర్త నోట తండ్రి పేరు, గోత్రం పలకాలి. రోగం వచ్చిన ఏడు గోపాల్‌రావు చేతిలో దర్భ పెట్టి పురోహితుడే ఆ పేర్లు చెప్పాడు.

"బయటోని నోటి మాటకు మీ మామ వచ్చిండో రాలేదో ఎవలు చూసొచ్చిన్రు? కొడుకు పిలిస్తె వచ్చినట్టు, ఊరోడు పిలిస్తె వస్తడా?" అని ఆమె కోడలితో అంటూ ఉండేది. అనుకున్నప్పుడల్లా ఆమె కళ్లలో నీరు తిరిగేది.

మరుసటి యేడు దసరా గడిచిన వారంలో జట్కా తోలే అబ్బాస్ వచ్చాడు. గోపాల్‌రావును బడికి తీసుకుపోయి తీసుకువచ్చినవాడు అతడే. తలపాగలో ఏదో చుట్టి తెచ్చి మంచం పక్కన నేల మీద దించాడు. తెల్లని ఒళ్లు, ఒక చెవి మాత్రం నల్లగా ఉన్న కుక్కపిల్ల.

"పంతులు సారుకు జర పొద్దువోతదని తెచ్చినమ్మా. టేషన్ గోదాము కింద పుట్టింది. తల్లి గూడ్సు బండి కింద పడ్డది."

"మీ ఇంట్ల ఉంచుకోక మా ఇంటి మీదికి తెస్తివా అబ్బాస్?" అంది రుక్మాబాయి దర్వాజ అవతలి నుండే, చీరె కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని.

"మా ఇంట్ల కూడా గడప లోపలికి రానియ్యరు పెద్దమ్మా. నమాజు చదివే ఇల్లు గద. మా ఇంటామె ఉమ్రావ్ బేగం గిన్నెలన్నీ నా నెత్తిన పగలగొడ్తది."

"అయితే నీకు పనికిరానిది మాకు పనికొస్తదా? మంచిగనే ఉన్నది నీ లెక్క!"

వాదం సాగుతూ ఉండగా ఆ కుక్కపిల్ల తూలుకుంటూ నడిచి మంచంకోడును ఆనుకుని కూర్చుంది. మంచం మీది నుండి వేలాడుతున్న గోపాల్‌రావు ఎడమచేతిని నాకింది. ఆయన వంగి చూశాడు. ముఖమంతా మెలి తిరిగింది. గొంతులో ఏదో కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది.

"దా" అన్నాడు గోపాల్‌రావు.

అబ్బాస్ తలపాగ చుట్టుకోబోతున్నవాడు అట్లాగే నిలబడ్డాడు. సరళాదేవి గోడను పట్టుకుంది. రుక్మాబాయి ఎత్తిపట్టిన కుచ్చెళ్లు విడిచిపెట్టింది.

కుక్కపిల్ల అట్లా ఆ ఇంట నిలిచింది. రుక్మాబాయి నిషేధాలు పెట్టి గాని ఒప్పుకోలేదు. వంటింటి వైపు పోరాదు. ఆవు ఉన్న కొట్టంలోకి పోరాదు. మడి బట్టలు ఆరేసిన దండెం కింద నడవరాదు. దానికి పేరు పెట్టరాదు, పేరు పెడితే ఇంటిదైపోతుంది. అన్నిటికంటే మించినది, ఇల్లు ఖరాబు చేయరాదు. "మామ తద్దినం నాటికి బయటికి పోవుడు నేర్చుకుంటె ఉండనియ్యి. లేకుంటె అబ్బాస్ తెచ్చిండు, అబ్బాసే తీస్కపోతడు."

పేరు పెట్టకపోయినా దానికి పేరు ఏర్పడింది. గోపాల్‌రావు పిలిచే "దా" అన్న శబ్దాన్నే అది తన పేరనుకుంది. ఆయన నోట మరికొన్ని మాటలు రాలసాగాయి. పాలగిన్నె ఖాళీ అయితే "పాలు" అన్నాడు. ఎండ మీద పడితే "ఎండ" అన్నాడు. ఒకనాడు కుక్కపిల్ల ఆయన ధోవతి అంచు పట్టి లాగితే "ఛీ, పో" అని నవ్వాడు. ఆ నవ్వును చూసి సరళాదేవి వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. రుక్మాబాయి పూజగది అయిన దేవునర్రలో కూర్చుని, వచ్చే ఆబ్దికంలో కొడుకు 'చొక్కారావు' అని తానే పలుకుతాడని స్వామికి విన్నవించుకుంది. అత్తాకోడళ్లిద్దరి ఆశ ఆ చిన్న ప్రాణం మెడకు చుట్టుకుంది.

కాని అది నేర్చుకోలేదు.

వచ్చిన మొదటిరోజే, కొత్తచోటు తెలియక, దేవునర్ర గడప ముందర తడిపింది. దేవుని ముంగిట జరిగిన అశుచి గనుక రుక్మాబాయి శాస్త్రోక్తంగా శుద్ధి చేయించింది. నీళ్లతో కడిగించి, పేడతో అలికించి, ఆపైన గోపంచితం చల్లించింది. కొట్టంలోని ఆవు మూత్రాన్ని ఆ ఇంట గోపంచితమనే అనేవారు. తెల్లవారగానే సరళాదేవి ఇత్తడి చెంబుతో దానిని పట్టి తెచ్చేది. సకల మాలిన్యాలనూ హరించే ద్రవ్యమని వారికి తరతరాల విశ్వాసం.

మరునాడు కుక్కపిల్ల అక్కడే తడిపింది. మళ్లీ కడిగారు, అలికారు, గోపంచితం చల్లారు. ఆ మరునాడూ అంతే.

సరళాదేవి తనకు తోచిన ప్రయత్నమంతా చేసింది. పాలు తాగించగానే ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తేది. కొట్టం వైపు పోవద్దన్నారు గనుక ఎదుటి గోడ వారన దానిమ్మచెట్టు కిందికి తీసుకుపోయి దించేది. అది రాలిన ఆకులతో ఆడుకునేది. చీమలను వాసన చూసేది. ఆమె కొంగు పట్టి లాగేది. "పొయ్యిరాదె తల్లీ, నీకు దండం పెడ్త" అని ఆమె చేతులు జోడించేది. అది తోక ఊపేది. కాళ్లు పీకి, పొయ్యి మీది ఎసరు గుర్తుకు వచ్చి, ఆమె దానిని లోపలికి తేగానే అది ఆమె చేతుల్లో నుండి జారి, హాలు దాటి, మరెక్కడా ఆగక నేరుగా దేవునర్ర గడప దగ్గరికి పోయి, ఒకసారి మూచూసి, కూర్చునేది.

"గీ కుక్కకున్నంత భక్తి నీకు లేదు, నాకు లేదు" అనేది రుక్మాబాయి. "పొద్దున, మాపున గడప విడువదు. పూజకు నాకన్న ముందుగాల్నే తయారు!"

అబ్బాస్‌ను అడిగితే అతడు గడ్డం నిమురుకుని, "టేషన్ల పుట్టిందమ్మా. బండి ఒక్కసారి ఎక్కడ ఆగితె రోజూ అక్కడనే ఆగాలె అనుకుంటది" అన్నాడు. ఆ మాటకు రుక్మాబాయి తప్ప అందరూ నవ్వారు. గోపాల్‌రావు కూడా నవ్వాడు.

నవ్వు ఎక్కువ దినాలు నిలవలేదు. ఆబ్దికం దగ్గరపడుతున్న కొద్దీ రుక్మాబాయి శుద్ధిని రెట్టింపు చేసింది. తడిపిన తరువాత చల్లడమే కాదు, ముందుజాగ్రత్తగా ఉదయమూ సంధ్యవేళా గడప పొడుగునా గోపంచితం చిలకరించసాగింది. పవిత్రమైన చోటును మూగజీవి కూడా గుర్తిస్తుందని ఆమె నమ్మకం. అది గుర్తించింది. రోజుకొకసారి తడిపేది ఇప్పుడు మళ్లీ మళ్లీ తడిపింది. అత్తగారు ఎంత చల్లితే అది అంతగా వచ్చింది. అది ఎంతగా వస్తే ఆమె అంతగా చల్లింది.

సరళాదేవి మనస్సు విరిగిపోసాగింది. ఇంటిపని, రోగి సేవ, అలుకు, కడుగు. నడుము వంచితే ఎత్తే వేళ లేదు. ఇది నేర్చుకోకపోతే పోతుంది; ఇది పోతే ఆ నోటి మాట పోతుంది. ఈ ఒక్క ఆలోచన ఆమెను నిద్రలోనూ వదలలేదు. ఒక మధ్యాహ్నం, అప్పుడే అలికిన తడి ఆరక ముందే అది అక్కడ కూర్చోవడం చూసి, చేతిలోని చీపురు తిరగేసి కొట్టింది. ఒక్క దెబ్బే. కుక్కపిల్ల కుయ్యిమని అరిచి మంచం కిందికి దూరింది.

గోపాల్‌రావు చూశాడు. ఏదో అనబోయాడు. మాట రాలేదు. ఎడమచేతిని మంచం కిందికి చాపి ఆ రోజంతా అట్లాగే పడుకున్నాడు. సాయంకాలం ఆమె పాలు తెచ్చి "ఏంది ఇది, చెప్పున్రి?" అని అడిగితే పెదవి కూడా కదపలేదు. ఆమె మంచంకోడుకు తల ఆనించి, "కొట్టను. ఇంకెప్పుడు కొట్టను. మాట్లాడున్రి" అంది. మూడు సంధ్యలు గడిచాక గాని ఆయన మళ్లీ "దా" అనలేదు.

ఆబ్దికం రేపనగా పితృకార్యానికి సంభారాలన్నీ సిద్ధమయ్యాయి. రుక్మాబాయి చన్నీళ్ల స్నానం చేసి, తడి ఆరని మడిచీరెతో దేవుని నైవేద్యానికి అన్నం వండి, గిన్నె పట్టుకుని దేవునర్రలోకి అడుగు పెట్టబోయింది. కాలు జారింది. తడి. గడప మీద చేయి ఆనించి పడకుండా నిలదొక్కుకుంది గాని గిన్నె దొర్లింది, అన్నం నేలపాలైంది. పక్కనే కుక్కపిల్ల తోక ఊపుతూ నిలబడి ఉంది.

ఆమె మెల్లగా బావి దగ్గరికి పోయి, మార్గశిరపు చలిలో మళ్లీ తలమీద నీళ్లు గుమ్మరించుకుంది. వణుకుతూ వచ్చి, "సరళా, అబ్బాస్‌కు కబురు చెయ్యి" అంది.

సరళాదేవి కుక్కపిల్లను తీసుకుపోయి, ఇక ఏ నిషేధం మిగిలిందని, కొట్టంలోనే గుంజకు కట్టింది. పక్కింటివాళ్లతో స్టేషనుకు కబురు పంపి, మళ్లీ శుద్ధికోసం ఇత్తడి చెంబు తీసుకుని కొట్టంలోకి వచ్చింది. కుక్కపిల్ల తాడు సాగినంత మేర నడిచి, ఆవు మూత్రం పారే కాలువ దగ్గర నేలను మూచూసింది. వెంటనే కూర్చుంది. వెతకలేదు, ఆడలేదు, ఒక్క క్షణం సందేహించలేదు.

ఆమె చేతిలోని చెంబును చూసింది. కాలువను చూసింది. చెంబును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఆ వాసనే. ఆ కాలువకూ, దేవునర్ర గడపకూ కుక్క ముక్కుకు తేడా ఏమున్నది? మరో జంతువు మూత్రం వాసన ఉన్నచోటే తనకూ తగిన చోటని అది నేర్చుకుంది. నేర్పింది ఎవరు? రెండు పూటలా, భక్తితో, శ్రద్ధతో, ఒక్కరోజు కూడా తప్పకుండా నేర్పింది తామే. అది మొద్దు కాదు. చెప్పిన పాఠాన్ని మరునాడే ఒప్పజెప్పిన శిష్యురాలు.

చెంబు అక్కడే వదిలి ఆమె లోపలికి పరుగెత్తింది.

"అత్తమ్మా, దాని తప్పు లేదు. గోపంచితం వాసనకే అది గడప కాడికి వస్తున్నది. నా కండ్లతో చూసిన. జర నాలుగు దినాలు మనం చల్లుడు బంద్ చేస్తె చాలు, అది బయట నేర్చుకుంటది."

రుక్మాబాయి పళ్లు చలికి టకటక కొట్టుకుంటున్నాయి. "ఏమంటున్నవే? రేపు తద్దినం. కుక్క తొక్కిన ఇంట్ల, కుక్క తడిపిన గడపల, గోపంచితం చల్లకుంట బ్రాహ్మలను కూసోవెట్టుమంటవా? మీ మామను పిలిచి మైల నేల మీద నిలవెట్టుమంటవా?"

"రేపటికి చల్లుదాం. ఎల్లుండి నుంచి..."

"ఎల్లుండి సంగతి ఎల్లుండి. రేపు మాత్రం అది ఈ జాగల ఉండరాదు. పిండం మీద కుక్క చూపు పడ్డా, దాని అరుపు ఇనవడ్డా ఆ అన్నం పితరులకు ముట్టదు. గది నీకు తెల్వదా?"

తెలుసు. సరళాదేవికి అదీ తెలుసు. ఆమె అత్తగారి పాదాలను పట్టుకుంది. "అబ్బాస్ ఎల్లుండి దాక టేషన్ల ఉంచుకుంటడు. పని అయినంక తెప్పిద్దాం. ఆయన నోటి మాట దాని తోనే వచ్చిందత్తమ్మా. మీరు కూడ చూసిన్రు."

రుక్మాబాయి కొడుకు మంచం వైపు చూసింది. చివరికి, "సరే, తెప్పియ్యి" అంది. అనిష్టంగానైనా నిజంగానే అంది. ఈ ధర్మసంకటంలో ఎవరిని తప్పుపట్టగలం? ఒకరు చచ్చిపోయినవాడికి అన్నం అందాలనుకున్నారు, ఒకరు బ్రతికున్నవాడికి మాట అందాలనుకున్నారు.

అబ్బాస్ వచ్చి తాడు విప్పాడు. కుక్కపిల్లను చంకన పెట్టుకుని హాలులో నుండి పోతూ ఉండగా గోపాల్‌రావు చూశాడు. ఒంటిచేతి మీద లేచాడు. మెడనరాలు ఉబ్బాయి.

"వద్దు" అన్నాడు.

అంతకుముందు ఆయన పలికిన మాటలన్నీ సగం నాలుక మీద నలిగినవే. ఇది మాత్రం స్పష్టంగా, పూర్వపు కంఠంతో, ఇల్లంతా వినబడింది.

రుక్మాబాయి ముఖం వెలిగిపోయింది. చేతులు జోడించి పైకి చూసింది. "ఇన్నవా సరళా? ఇన్నవా? ఎంత మంచిగ అన్నడో నా కొడుకు! రేపు వాళ్ల బాపు పేరు వాడే చెప్తడు. రాజన్నా, నా తండ్రీ!" ఆమె విన్నది ఆ శబ్దాన్ని. దాని అర్థం ఆమె దాకా చేరలేదు.

అబ్బాస్ గడపలో ఆగాడు. "ఏం చెయ్యాలమ్మా?" అని సరళాదేవి ముఖం చూశాడు.

ఆమె పొమ్మన్నట్లు తల ఊపి, మంచం దగ్గరికి పోయి, "ఎల్లుండి వస్తది. ఒక్క రేపటి కోసం. అబ్బాసే తెస్తడు" అని ఎన్నోసార్లు చెప్పింది. ఆయన వింటున్నట్లు లేదు.

మరునాడు భోక్తలు వచ్చారు. కాళ్లు కడిగి పీటల మీద కూర్చోబెట్టారు. గోపాల్‌రావును గోడకు ఆనించి కూర్చోబెట్టి, చచ్చుబడ్డ చేతికి దర్భ పవిత్రం తొడిగి, పురోహితుడు సంకల్పం చెప్పించాడు. తండ్రి పేరు చెప్పవలసిన చోట ఆగాడు. పేరు కొడుకు నోటనే పలికించమని రుక్మాబాయి అతనికి ముందే చెప్పి ఉంచింది.

"అనున్రి పంతులుగారూ. చొక్కారావు. నాయన పేరు. అనున్రి."

గోపాల్‌రావు విస్తరిని చూస్తూ ఉండిపోయాడు.

"అను బిడ్డా" అంది రుక్మాబాయి తలుపు చాటు నుండి. "నిన్న అన్నవు గద. గట్లనే అను. మీ బాపు నిలవడ్డడు బిడ్డా, నీ నోటి కోసం నిలవడ్డడు."

అన్నం మీది ఆవిరి చల్లారింది. పురోహితుడు గొంతు సవరించుకుని, ఆ పేరును తానే పలికి, కార్యం ముందుకు నడిపాడు. తలుపు చాటున అత్తగారు ఏడుపు వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకోవడం సరళాదేవి చూసింది. తాను మాత్రం ఏడవలేదు. ఆమె లోపల ఏదో అప్పటికే తడి ఆరిపోయింది.

చెప్పిన నాడు అబ్బాస్ వచ్చాడు. చేతులు ఖాళీ.

"గుర్రపు కొట్టంల కట్టినమ్మా. రొట్టె వెట్టిన. తెల్లారి చూస్తె తాడు కొరికి ఉన్నది. రాగినేడు రోడ్డు దాక తిరిగిన, గోదాములన్నీ చూసిన, బొగ్గు బండ్లోళ్లను అడిగిన. దొరకలే." అతడు తల ఎత్తలేదు. "మా ఇంట్ల పడుకోవెట్టుకున్నా అయిపోతుండె. ఉమ్రావ్ బేగం కూడ గదే అని ఏడుస్తున్నది."

సరళాదేవి తానే స్టేషను దాకా పోయింది. దేశ్‌పాండ్యాల కోడలు రైలుపట్టాల వెంట "దా, దా" అని పిలుస్తూ తిరిగిందని ఊరు కొన్నాళ్లు చెప్పుకుంది. గోపాల్‌రావు మంచం మీద గోడవైపు తిరిగాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

మాఘమాసంలో ఒక ఉదయం రుక్మాబాయి స్వయంగా వాకిట్లోకి పోయి, దారిన పోతున్న జట్కాను ఆపింది. "అబ్బాస్, ఇంకొక పిల్లను తే. తెల్లది తే" అంది. జీవితంలో మొదటిసారి ఆమె ఒక కుక్కను అడిగింది. ఆనాటి నుండి గడప మీద గోపంచితం చల్లడం మానుకుంది. ఎవరూ మానమని చెప్పలేదు. నీళ్లతో మాత్రం కడిగి, ముగ్గు వేసి, దేవునికి ఏమని చెప్పుకుందో గాని లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది.

రెండవ పిల్ల వచ్చింది. సరళాదేవి దానిని దానిమ్మచెట్టు కిందికి తీసుకుపోయింది. రెండు మూడు రోజులు తప్పులు చేసింది. వారం తిరగకముందే పెరటి తలుపు దగ్గర నిలబడి గోళ్లతో గీకడం నేర్చుకుంది. తలుపు తీస్తే పోయేది, చెట్టు కింద పని ముగించుకుని తిరిగి వచ్చేది. దేవునర్ర వంకైనా చూడలేదు. అంత సులభమైన పని అది. చీపురు దెబ్బ అవసరం లేదు, దండాలు అవసరం లేదు.

"చూడున్రి, ఎంత బుద్ధిమంతురాలో" అని సరళాదేవి దానిని మంచం దగ్గరికి తెచ్చేది. ఆయన చేతిని తీసి దాని తల మీద పెట్టేది. ఆ చేయి ఎట్లా పెడితే అట్లా ఉండేది. కాసేపటికి జారిపోయేది.

"పిలువున్రి. ఒక్కసారి పిలువున్రి" అనేది.

ఆ కుక్క పెరిగింది, ముసలిదైంది. రుక్మాబాయి కాలం చేసింది. ఆమె ఆబ్దికంలోనూ తల్లి పేరు పురోహితుడే చెప్పాడు. గోపాల్‌రావు ఆపైన ఎన్నో ఏళ్లు బ్రతికాడు గాని ఒక్క అక్షరం పలకలేదు. సరళాదేవి ప్రతి ఉదయం చెంబు చూపి చెంబు అనీ, దీపం చూపి దీపం అనీ చెబుతూనే ఉండేది. ఇప్పుడు ఆయన ఆమె పెదవులవైపు చూసేవాడు కాదు. కుక్క మాత్రం చెవులు నిక్కించి, ఆమె చెప్పే ప్రతి మాటనూ శ్రద్ధగా వినేది.